ఆర్క్నీకి బస్సులో, అమ్మానాన్నలతో

నాకు బస్సు టూర్లంటే పడదు. ఇక్కడ పావుగంట, అక్కడ ఇరవై నిమిషాలు, ఫొటోలు తీసుకుని గబగబా ఎక్కండి అనే వ్యవహారం చిరాకు. అయినా అమ్మానాన్నలు ధవళేశ్వరం నుంచి ఎడిన్‌బరో వచ్చినప్పుడు స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు బస్సు టూరే బుక్ చేశాను. మా ఆయనకు సెలవు దొరకలేదు. నేనొక్కదాన్నే అంతదూరం కారు నడుపుతూ, ఒక్క బండి మాత్రమే పట్టే రోడ్ల మీద ఎదురుగా ఎవరొచ్చినా వెనక్కి తోలుకుంటూ, ఫెర్రీ టైముకు అందుకోవాలంటే ఇక చూసేదేముంటుంది? పైగా అక్కడ చూడాల్సినవన్నీ రాళ్లు. ఐదువేల ఏళ్ల నాటివే కావచ్చు, పక్కన ఒకరు ఉండి చెప్పకపోతే అవి రాళ్లుగానే మిగిలిపోతాయి.

టూరు ఇన్వర్నెస్ నుంచి మొదలవుతుంది. పదహారు సీట్ల మినీబస్సు, డ్రైవరే గైడు. బుక్ చేసేటప్పుడు చూసుకోవాల్సిన సంగతి ఏమిటంటే, కట్టే డబ్బులో బస్సు, ఫెర్రీ, డ్రైవరు మాత్రమే ఉంటాయి. గది, తిండి, లోపలికి వెళ్లే టికెట్లు అన్నీ వేరు. మనిషికి ఒక చిన్న బ్యాగు. ఆ ఒక్క బ్యాగులో అమ్మ మాగాయ, కందిపొడి, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ సర్దింది. స్వెట్టర్లు మాత్రం నా బ్యాగులోకి వచ్చాయి. బస్సులో తనకు తిప్పుతుందని ముందు సీటు రిజర్వ్ చేయమని ఆఫీసుకు ఫోన్ చేస్తే, అలా కుదరదు, అందరూ రోజూ సీట్లు మారాలి, అదే పద్ధతి అన్నారు. అమ్మ అవోమిన్ వేసుకుని ఎక్కింది.

డ్రైవరు కిల్టు, అంటే స్కాట్లాండ్ మగవాళ్ల గళ్ల పావడా, కట్టుకొస్తాడని అమ్మ ఎదురుచూసింది. మామూలు ప్యాంటు, రెయిన్‌కోటు వేసుకున్న అరవై దాటిన మనిషి వచ్చాడు. సొంత ఊరు కెయిత్‌నెస్‌లో, విక్ దగ్గర. చెవికి మైకు తగిలించుకుని బండి నడుపుతూనే చెప్పుకుపోయేవాడు. గొంతు పెంచడు, జోకు వేసి తానే నవ్వడు. మొదటి గంటలో నాకు సగమే అర్థమైంది, ఆ యాస అలాంటిది. నాన్నకు మాత్రం నాకంటే ముందు పట్టుబడింది. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రకరకాల కాంట్రాక్టర్ల ఇంగ్లిషు విన్న చెవులవి.

ఇన్వర్నెస్ నుంచి ఏ9 రోడ్డు తూర్పు తీరం వెంట ఉత్తరానికి పోతుంది. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. గోల్‌స్పీ ఊరి దగ్గర కొండమీద పీఠంతో కలిపి వంద అడుగుల ఎత్తున ఒక విగ్రహం కనిపిస్తుంది. మొదటి సదర్లాండ్ డ్యూక్‌ది, 1837లో నిలబెట్టారు. 19వ శతాబ్దం మొదట్లో ఈ లోయల్లో ఉన్న వేలమంది కౌలు రైతులను ఖాళీ చేయించి గొర్రెల మందలకు ఇచ్చినవాడు. “ఆ విగ్రహాన్ని పడగొట్టాలని కొందరు, ఉంచి నిజం చెప్పాలని కొందరు. మీరు తిరుగు ప్రయాణంలో చెప్పండి ఏం చేయాలో” అన్నాడు డ్రైవరు. అంతే, పాట పెట్టాడు. కథలో సగం దాచుకోవడం అతని అలవాటని తర్వాత తెలిసింది.

బెర్రీడేల్ దగ్గర రోడ్డు ఒక్కసారిగా లోయలోకి దిగి, మళ్లీ అంతే నిటారుగా ఎక్కుతుంది. అవోమిన్ అక్కడ ఓడిపోయింది. బస్సు ఆపించాల్సి వచ్చింది. డ్రైవరు నీళ్లు, అల్లం బిస్కెట్లు ఇచ్చి, ఇక్కడ ఆపని ట్రిప్పు ఉండదు, మీరు కంగారు పడకండి అన్నాడు. ఆ తర్వాత సీట్లు మారాలన్న పద్ధతిని అతనే పక్కనపెట్టి అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మిగతా ప్రయాణమంతా ఆ సీటు అమ్మదే. వెనక కూర్చున్న ఒక జంటకు అది నచ్చలేదని వాళ్ల మొహాలే చెప్పాయి.

గిల్స్ బే దగ్గర బస్సు ఫెర్రీలోకి ఎక్కుతుంది, మనం పైకి వెళ్లి కూర్చోవాలి. గంట ప్రయాణం. అట్లాంటిక్, నార్త్ సీ కలిసే పెంట్లాండ్ ఫర్త్ ఇది, ప్రవాహాల వేగానికి పేరుమోసింది. ఆ రోజు మాత్రం మర్యాదగానే ఉంది. దారిలో స్ట్రోమా అనే దీవి పక్కనుంచి పోతాం. ఇళ్లు ఉన్నాయి, పైకప్పులు కూడా కొన్నిటికి ఉన్నాయి, మనుషులు లేరు. 1962కల్లా ఊరివాళ్లు చివరి కుటుంబంతో సహా వెళ్లిపోయారు. ఇప్పుడు గొర్రెలు తిరుగుతాయి.

ఆర్క్నీ అంటే డెబ్బై దాకా దీవులు, మనుషులుండేవి ఇరవై. జనాభా మొత్తం 22 వేలు, మన దగ్గర ఒక మాదిరి మండలంలో అంతకు రెట్టింపు పైనే ఉంటారు. చెట్లు దాదాపు లేవు. గాలికి నిలవవు. బస్సు దిగగానే డ్రైవరు చెప్పిన మొదటి కథ మాత్రం మా అమ్మకు ఎంత నచ్చిందంటే, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా చెప్పింది. 15వ శతాబ్దం దాకా ఈ దీవులు నార్వేవి. డెన్మార్క్, నార్వేలను ఏలిన రాజు క్రిస్టియన్ తన కూతురు మార్గరెట్‌ను స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కు ఇచ్చాడు. కట్నం డబ్బు చేతికి రాలేదు. 1468లో ఆర్క్నీని తాకట్టు పెట్టాడు, మరుసటి ఏడాది షెట్లాండ్‌ను. తాకట్టు విడిపించనే లేదు. “చూశావా, కట్నం బాకీ కింద ఊళ్లకు ఊళ్లు పోయాయి” అంది అమ్మ. “ఇంకా నయం, మనవాళ్లు రెండెకరాలతో సరిపెట్టారు” అన్నారు నాన్న. ఇది వాళ్ల పెళ్లినాటి లెక్క, నేను మధ్యలో దూరలేదు.

కిర్క్‌వాల్‌లో మా బస. వెజిటేరియన్ అని బుకింగ్ ఆఫీసుకు ముందే చెప్పాను, చెప్పేశామని వాళ్లూ అన్నారు. ఆ ఇంటావిడకు మాత్రం కబురే అందలేదు. పొద్దున టేబుల్ మీద బేకన్, సాసేజ్, రక్తంతో చేసే బ్లాక్ పుడ్డింగ్ ఒక్క పళ్లెంలో వచ్చాయి. సంగతి చెబితే ఆవిడ నొచ్చుకుని, పళ్లెం తీసేసి, వేయించిన పుట్టగొడుగులు, టమాటాలు, బంగాళదుంప పిండితో చేసే టాటీ స్కోన్ తెచ్చింది. టాటీ స్కోన్, మాగాయ కలిపి తినొచ్చని ప్రపంచానికి తెలియజేసింది మా అమ్మే అయ్యుంటుంది.

జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి పది దాటుతుంది. ఆ తర్వాత కూడా పూర్తిగా చీకటి పడదు. రోజూ దీపాల వేళ అమ్మ చదువుకునే స్తోత్రం ఎప్పుడు చదవాలన్నది పెద్ద సమస్యై కూర్చుంది. చివరికి ఇండియా టైముకు లెక్క కట్టుకుని, మిట్టమధ్యాహ్నం బస్సులో చదువుకుంది.

మర్నాడు స్కారా బ్రే. టూరు మొత్తంలో నేను చూడాలనుకున్నది ఇదే. 1850 చలికాలంలో పెద్ద తుపాను ఒకటి స్కేల్ అఖాతం ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బను పెకలించి పారేసింది. కింద ఇళ్లు బయటపడ్డాయి. క్రీ.పూ. 3180 ప్రాంతం నుంచి క్రీ.పూ. 2500 దాకా మనుషులు కాపురమున్న ఊరు అది. గీజా పిరమిడ్ కంటే పాతది. సింధు లోయలో మొహెంజొదారో, హరప్పా పెద్ద నగరాలుగా ఎదుగుతున్న కాలానికి ఈ ఊరు ఖాళీ అయిపోతోంది. టికెట్ కౌంటర్ నుంచి ఊరి దాకా నడిచే బాట పక్కన రాళ్లు పాతి, ఒక్కో రాయి మీద కాలంలో వెనక్కి ఒక్కో సంఘటన రాశారు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడంతో మొదలై పిరమిడ్లు కూడా దాటిపోతాం. నాన్న ప్రతి రాయి దగ్గరా ఆగారు. మాకిచ్చిన టైములో మూడో వంతు అక్కడే అయిపోయింది.

ఇళ్లలోకి దిగనివ్వరు. గోడల పైనున్న బాట మీద నడుస్తూ కిందికి చూడాలి. పైకప్పులు లేవు కాబట్టి ఒక్కో ఇల్లూ లోపల ఎలా ఉందో మొత్తం తెలుస్తుంది. ఇంటి నడుమ నలుచదరపు పొయ్యి, నాలుగు వైపులా నిలబెట్టిన రాతి పలకలు. కుడివైపొకటి, ఎడమవైపొకటి రాతి మంచాలు, కుడివైపుది పెద్దది. వాకిలికి సరిగ్గా ఎదురుగా రెండు అరల రాతి అల్మారా. నేల మీద చిన్న చిన్న రాతి తొట్లు, నీరు కారకుండా అతుకుల్లో బంకమట్టి పూశారు. చేపలు పట్టే ఎరలు నానబెట్టుకునేవాళ్లేమో అంటారు. కర్ర లేని దీవి కనుక సామానంతా రాయితోనే. అక్కడి రాయి పలకలుగా విడిపోతుంది, ఉలి పని పెద్దగా అక్కర్లేదు.

అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక ఇంటి దగ్గర చాలాసేపు నిలబడింది. గాలికి చీర కొంగు ఎగరకుండా కోటులోకి దోపుకుంటూ, “ఏమే, అల్మారా వాకిలికెదురుగా ఎందుకు పెట్టిందో తెలుసా? వచ్చినవాళ్ల కళ్లు ముందు దానిమీద పడాలని. మంచి గిన్నెలు అక్కడ, మసి గిన్నెలు ఆ మూల గదిలో” అంది. పక్కనే ఉన్న డ్రైవరుకు నేను ఇంగ్లిషులో చెప్పాను. ఆర్కియాలజిస్టులు కూడా అదే అంటారని అతను అమ్మకు టోపీ తీసి దండం పెట్టినంత పని చేశాడు. గోడల చుట్టూ ఇంటి చెత్త, గవ్వలు, బూడిద, ఎముకలు కుళ్లి గట్టిపడ్డ పెంటను మెత్తి ఇళ్లను అందులో కూర్చారని, చలి గాలి దూరకుండా అదే కాపాడిందని అతను చెబితే అమ్మ మొహం చిట్లించింది. మూలనున్న చిన్న గదుల కింద రాతి కాలువలు ఉన్నాయి, మరుగుదొడ్లు కావచ్చట. అది విన్నాక మళ్లీ శాంతించింది.

నాన్న చూపు మాత్రం సముద్రం మీదుంది. ఊరికీ అలలకూ మధ్య ఇప్పుడు ఒక కట్టుడు గోడ. ఈ ఊరు కట్టినప్పుడు సముద్రం ఇంకా దూరంగా ఉండేది. 1920లలో రక్షణ గోడ కట్టారు, లేకపోతే ఈపాటికి కొన్ని ఇళ్లు కొట్టుకుపోయేవి. గోడకు రెండు పక్కలా తీరం కోసుకుపోతోంది. “గోడ చివర్ల దగ్గరే కదా తిరగబడేది” అన్నారు నాన్న. అది ఆయన సర్వీసంతా చూసిన పని. హారన్ మోగకపోతే అక్కడే రిపోర్టు రాసేవారు.

బస్సు బిర్సే వైపు పోతుంటే డ్రైవరు మార్విక్ హెడ్ కొండకొమ్ము మీద ఒక రాతి గోపురం చూపించాడు. 1916 జూన్ 5న హాంప్‌షైర్ అనే యుద్ధనౌక ఈ ఒడ్డుకు దగ్గర్లోనే జర్మన్ మైన్ తగిలి మునిగింది. ఏడు వందల మందికి పైగా పోయారు, బతికింది పన్నెండు మంది. పోయినవాళ్లలో బ్రిటన్ యుద్ధ మంత్రి లార్డ్ కిచెనర్ ఒకడు. “కర్జన్‌తో గొడవపడి ఆయన్ని ఇంటికి పంపించిన కిచెనరేనా?” అన్నారు నాన్న. అతనే. 1902 నుంచి 1909 దాకా ఇండియాలో కమాండర్ ఇన్ చీఫ్. సైన్యం మీద పెత్తనం ఎవరిదన్న తగాదాలో 1905లో వైస్రాయి కర్జన్ రాజీనామా చేశాడు. డ్రైవరుకు ఈ సంగతి కొత్త. ట్రాఫిక్ లేని రోడ్డు మీద స్పీడు తగ్గించి మరీ రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. వచ్చే వారం ట్రిప్పులో చెబుతానన్నాడు.

బ్రాడ్గర్ రాళ్ల వలయం దగ్గర ఇచ్చిన టైము నాకు ఎక్కువే అనిపించింది, చెబితే తిడతారేమో. 104 మీటర్ల వెడల్పు వలయం, చుట్టూ బండను తొలిచిన కందకం, రెండు సరస్సుల మధ్య సన్నటి నేల మీద. ఫొటోలలో అద్భుతం. అక్కడ నిలబడితే ఆ రోజు వాన అడ్డంగా కొట్టింది. దాని పక్కన స్టెన్నెస్‌లో రాళ్లు తక్కువే, కానీ ఆరు మీటర్ల దాకా ఎత్తు, కత్తిరించిన పలకల్లా సన్నగా ఉంటాయి. అక్కడి కథ ఇంకా బాగుంది. దగ్గర్లోనే ఓడిన్ రాయి అని మరోటి ఉండేదట, మధ్యలో చిల్లుతో. పెళ్లి మాట ఇచ్చుకునేవాళ్లు చెరోపక్క నిలబడి ఆ చిల్లులోంచి చేతులు పట్టుకునేవాళ్లు. 1814లో ఒక కౌలుదారు, అక్కడివాడు కూడా కాదు, తన పొలంలోకి జనం వచ్చి తొక్కుతున్నారని రాళ్లు పగలగొట్టడం మొదలుపెట్టి ఓడిన్ రాయిని ముక్కలు చేశాడు. ఊరివాళ్లు అతని ఇంటికి నిప్పు పెట్టబోయారు. ఎంత పాత రాయైనా పొలం గట్టు తగాదా తప్పలేదు.

మేస్‌హౌకు మాత్రం ముందే టైము తీసుకోవాలి. కొద్దిమందినే లోపలికి పంపుతారు, వాళ్ల గైడు వాళ్లకే ఉంటాడు, లోపల ఫొటోలు తీయనివ్వరు. బయటి నుంచి పచ్చగడ్డి మొలిచిన దిబ్బ. లోపల క్రీ.పూ. 2800 ప్రాంతంలో కట్టిన రాతి సమాధి గది. అక్కడికి చేరాలంటే పది మీటర్ల సొరంగంలో నడుము పూర్తిగా వంచి పోవాలి, ఎత్తు మీటరుకు అటూ ఇటూ. మోకాళ్ల నొప్పులని అమ్మను బయట కూర్చోబెడదామనుకున్నా. “మోకాళ్లు కదా నొప్పి, వంగేది నడుము. నలభై ఏళ్లు వాకిట్లో ముగ్గులేసిన నడుము నాది” అని, ఎవరి సాయం లేకుండా నాకంటే ముందు దూరింది. ఆరడుగుల నాన్న రెండడుగులు వేసి వెనక్కి వచ్చేశారు.

లోపల నిటారుగా నిలబడొచ్చు. నాలుగు మూలలా నిలువెత్తు రాళ్లు, పైకి పోయేకొద్దీ గోడలు లోపలికి జరుగుతూ వస్తాయి. సున్నం లేదు, మట్టి లేదు, పలక మీద పలక. గోరు దూరని అతుకులు. నడిచొచ్చిన సొరంగాన్ని ఎటు పెట్టారంటే, డిసెంబరులో పగలు అతి చిన్నగా ఉండే రోజుల్లో అస్తమించే సూర్యుడి వెలుగు సరిగ్గా అందులోంచి వచ్చి వెనక గోడ మీద పడుతుంది.

ఇక రాతలు. 12వ శతాబ్దంలో నార్స్ (పాత నార్వే) జనం కొందరు పైకప్పు పగలగొట్టుకుని దిగి, గోడల మీద రూన్ లిపిలో చెక్కిపోయారు. ముప్పై దాకా ఉన్నాయి. గైడు టార్చి వేసి ఒక్కోటి చదివింది. జెరూసలేం యాత్రికులు ఈ దిబ్బను పగలగొట్టారని ఒకటి. ఆడవాళ్లందరిలోకీ ఇంగిగెర్త్ అందగత్తె అని ఒకటి, దాని పక్కన నోరు తెరుచుకున్న కుక్క బొమ్మ. బాగా పైన, చేయి అందని చోట ఫలానావాడు ఇంత ఎత్తున చెక్కాడని ఇంకోటి. అమ్మ నా చెవిలో, “ద్రాక్షారామం గుడి మండపంలో బొగ్గుతో రాసిపోయిన వెధవల్ని ఊరికే తిట్టాను” అంది. నాకు నవ్వు ఆగలేదు. గైడు ఏమిటని అడిగింది, చెప్పాను. ప్రపంచంలో ప్రతి దేశం నుంచి వచ్చినవాళ్లు ఇదే మాట అంటారట.

సాయంత్రం కిర్క్‌వాల్‌లో సెయింట్ మాగ్నస్ కెథీడ్రల్. ఎరుపు, పసుపు ఇసుకరాయితో 1137లో మొదలుపెట్టారు. మాగ్నస్ ఇక్కడి ఏలిక, దాయాది చేతిలో హతమైనవాడు. 1919లో మరమ్మతులు చేస్తుంటే ఒక స్తంభంలో దాచిన ఎముకలు దొరికాయి, పుర్రె మీద దెబ్బ పడ్డ గుర్తుతో సహా. లోపల ఒక పక్క ఓడ గంట, కింద పేర్ల పుస్తకం ఉన్నాయి. రాయల్ ఓక్ అనే యుద్ధనౌకలో చనిపోయినవాళ్లవి. వాళ్ల కథ రేపు చెబుతానని డ్రైవరు మళ్లీ దాచుకున్నాడు.

ఆ కథకు సంబంధించిన రోడ్డును వచ్చిన రోజు సాయంత్రమే మేం దాటాం. దీవి నుంచి దీవికి నీళ్ల మీద కట్టిన కట్టలు నాలుగు, రెండు పక్కలా చిందరవందరగా పడేసినట్టున్న కాంక్రీటు దిమ్మెలు. నాన్న ఆ రోజే అడిగారు, చివరి రోజు ఆపుతానన్నాడు. ఆపాడు కూడా, వానలో, ప్రత్యేకంగా నాన్న కోసం.

1939 అక్టోబరు 14 తెల్లవారకముందు ఒక జర్మన్ జలాంతర్గామి ఈ దీవుల మధ్య సందులోంచి, అడ్డుగా ముంచిన పాత ఓడలను తప్పించుకుంటూ, స్కాపా ఫ్లో లోపలికి దూరింది. బ్రిటిష్ నౌకాదళం తమ కోట అనుకున్న రేవు అది. లంగరేసి ఉన్న రాయల్ ఓక్‌ను ముంచి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. 830 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత చర్చిల్ ఈ సందులన్నీ పూడ్చేయమన్నాడు. తీగ వలల్లో బండరాళ్లు నింపి నీళ్లలోకి వదిలారు, వాటిమీద ఐదు టన్నుల దిమ్మెలు, పక్కల పది టన్నుల దిమ్మెలు. నాన్న ఒక దిమ్మె మీద చెయ్యి వేసి అంచులు చూశారు. “వరసగా పేర్చకుండా కావాలనే అడ్డదిడ్డంగా పడేశారు. అల వచ్చి తగిలితే విరిగిపోవాలి, లేకపోతే కట్టను నాకేస్తుంది” అని మాకు పాఠం చెప్పారు. ధవళేశ్వరంలో కాటన్ 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టిన తీరు, నది అడుగున ఇసుక, వేసిన రాయి దిగిపోతుంటే మళ్లీ వేయడం, ఇదంతా డ్రైవరుకు చెప్పమన్నారు. నాకు సగం మాటలకు ఇంగ్లిషు తెలియదు. వాళ్లిద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. ఈ కట్టలను లాంఛనంగా ప్రారంభించింది 1945 మే 12న, అంటే యూరప్‌లో యుద్ధం ముగిసిన నాలుగు రోజులకు. ఇది విన్నాక నాన్న మొహం చూడాలి. “మన ప్రాజెక్టులే నయం” అన్నారు.

కట్టలు కట్టింది ఎక్కువగా ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటాలియన్ ఖైదీలు. అలా పట్టుబడినవాళ్లలో చాలామందిని మన దేశానికీ పంపారు, డెహ్రాడూన్‌లో, కాంగ్రా దగ్గర యోల్‌లో శిబిరాలుండేవి. యుద్ధపు పని ఖైదీల చేత చేయించకూడదని జెనీవా ఒప్పందం ఉంది కాబట్టి, ఇవి దీవుల జనం రాకపోకలకు వేస్తున్న రోడ్లని కాగితాల మీద రాసుకున్నారు. కాగితాల మాటే చివరికి నిజమైంది, ఇప్పుడవి రోడ్లే.

లాంబ్ హోమ్ అనే బుల్లి దీవి మీద ఆ ఖైదీలు ప్రార్థనకని కట్టుకున్న చాపెల్ ఉంది. ముందు నుంచి తెల్లటి చర్చి. పక్కకు వెళ్లి చూస్తే సైన్యం వాడే రెండు రేకుల షెడ్లను కొసకు కొస కలిపినది. లోపల ఇటుక గోడ, చెక్కిన రాతి కమాను కనిపిస్తాయి. దగ్గరకు వెళితే ఇటుక లేదు, చెక్కడం లేదు, నున్నటి బోర్డు మీద రంగు మాత్రమే. దీపాలు మాంసం డబ్బాల రేకుతో చేసినవి. డొమెనికో కియోకెట్టి అనే ఖైదీ బొమ్మలు వేశాడు. బలిపీఠం వెనక మేరీమాత, యుద్ధమంతా జేబులో దాచుకున్న చిన్న పటం చూసి వేసినది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన పటం అది. 1944లో మిగతా ఖైదీలను పంపించేసినా, పని మిగిలిందని అతను ఉండిపోయి పూర్తిచేశాడు. 1960లో మళ్లీ వచ్చి రంగులు సరిచేశాడు. మాకిచ్చిన టైము ఇరవై నిమిషాలు. టూరు మొత్తంలో నేను డ్రైవరుతో పోట్లాడింది ఇక్కడొక్కచోటే. ఇంకో పది నిమిషాలు అడిగితే, ఫెర్రీ అని వాచీ చూపించాడు.

తీరా రేవుకు వెళితే ఫెర్రీ లేదు. అలలు ఎక్కువగా ఉన్నాయని ఆలస్యం, ఎంతసేపో చెప్పేవాళ్లు లేరు. ఆ పది నిమిషాలు ఇస్తే ఏమయ్యేదని నేను సణిగాను. ఆ ఆలస్యంతో తిరుగు దారిలో చూడాల్సిన డన్‌రాబిన్ కోట మూసే టైము దాటిపోయింది. బస్సులో గొణుగుడు మొదలైంది. సీటు మీద కోపంగా ఉన్న ఆ జంట డబ్బు వాపసు సంగతి కూడా ఎత్తింది. కోటకు బదులు మీకొకటి చూపిస్తానని డ్రైవరు బెర్రీడేల్ దాటాక రోడ్డు పక్కన ఆపాడు. సగం మంది దిగలేదు. అమ్మ కూడా దిగలేదు, అల్లం బిస్కెట్ల డబ్బాతో ముందు సీట్లోనే ఉంది.

గేటు దాటి సన్నటి కాలిబాటలో కాస్త నడిస్తే బాడ్బీ. సముద్రం మీదికి తెగిపడ్డ కొండ అంచున, వాలు నేల మీద, మోకాలెత్తు గోడల శిథిలాలు. లోయల్లో బతుకుతున్న కుటుంబాలను గొర్రెల కోసం వెళ్లగొట్టినప్పుడు కొన్నిటికి దొరికిన చోటు ఇది. ఇళ్లు వాళ్లే కట్టుకోవాలి, రాళ్లు ఏరి వాళ్లే నేల చేసుకోవాలి. గాలి ఎలాంటిదంటే కోళ్లనూ పశువులనూ, చిన్న పిల్లలను కూడా, కొండ మీంచి పడిపోకుండా తాళ్లతో కట్టేసేవాళ్లు. ఇక్కడి నుంచి న్యూజిలాండ్ వలసపోయిన ఒకాయన కొడుకు 1911లో పేర్లు చెక్కించిన స్తూపం నిలబెట్టించాడు. ఊరి చివరి మనిషి వెళ్లిపోయింది కూడా ఆ కాలంలోనే.

నాన్న అడిగిన మొదటి ప్రశ్న: “నష్టపరిహారం ఏమైనా ఇచ్చారా?”

లేదు.

“పట్టాలుండవా?”

ఉండవు. భూమి మొత్తం దొరదే, వీళ్లు అతని దయ మీద ఉన్న కౌలుదార్లు. నోటీసు ఇస్తే పోవాల్సిందే. కౌలు రైతును ఊరికే వెళ్లగొట్టకూడదని చట్టం వచ్చింది 1886లో, అప్పటికి చాలా ఊళ్లు లేవు. బస్సు ఎక్కాక కూడా నాన్న వదల్లేదు, డ్రైవరు వెనక సీట్లోకి మారి కూర్చున్నారు. పోలవరం ముంపు గ్రామాల సంగతి, పునరావాస కాలనీలు, ఇంటికింత భూమికింత అని కట్టే లెక్కలు, ఆ డబ్బు అందినవాళ్లూ అందనివాళ్లూ, దేవీపట్నం వైపు తనకు తెలిసిన మనుషులు ఎక్కడికి పోయారో, అన్నీ చెప్పారు. డ్రైవరు మైకు తీసి పక్కన పెట్టేశాడు. గోల్‌స్పీ దగ్గర డ్యూక్ విగ్రహం మళ్లీ కనిపించినప్పుడు, ఏం చేద్దామంటారని నాన్ననే అడిగాడు. “ఉంచండి. కిందనే ఖాళీ చేయించిన ఊళ్ల పేర్లన్నీ రాయించండి, ఆయన పేరు కంటే పెద్ద అక్షరాలతో” అన్నారు నాన్న. ఎన్ని అక్షరాలు పడతాయో, ఎంత రాయి కావాలో వాళ్లిద్దరూ ఇన్వర్నెస్ దాకా లెక్కేశారు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. మేస్‌హౌ టికెట్టు టూరులో కలిసి ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి, అక్కడికెళ్లాక దొరకదు. వేసవిలోనే వెళ్లండి, డిసెంబరులో అక్కడ పగలు ఆరు గంటలే. వెజిటేరియన్ అయితే టూరు ఆఫీసును నమ్ముకోకుండా దిగబోయే ఇంటికే ఫోన్ చేయండి. కిర్క్‌వాల్ సూపర్‌మార్కెట్లలో పెరుగు దొరుకుతుంది, కుక్కర్ మాత్రం గదిలో పెట్టనిస్తారో లేదో ఆ ఇంటావిడను అడగాలి. మా అమ్మ అడగలేదు.